లాఫ్ట్‌ని (వాలు కప్పు కింద ఉండే అటకని) గదిగా మార్చడానికి ఒకరు 39 వేలు, ఒకరు 64 వేలు అంటున్నారు. అసలు ఎంత అవుతుంది?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పశ్చిమ లండన్ హేస్‌లో 1930ల నాటి మూడు పడకగదుల సెమీ డిటాచ్డ్ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసిన) ఇల్లు. పిల్లలిద్దరూ పెద్దవాళ్లవుతున్నారు, ఊరి నుంచి అమ్మానాన్న వస్తే నెలల తరబడి ఉంటారు. లాఫ్ట్‌లో ఒక బెడ్‌రూమ్, షవర్ రూమ్ వేయిద్దామని ఇద్దరు బిల్డర్లని అడిగారు. ఒకరు 39,000 పౌండ్లు అన్నారు, ఇంకొకరు వ్యాట్‌తో కలిపి 64,000 అన్నారు. పాతిక వేల తేడా ఎందుకు, చివరికి చేతి నుంచి ఎంత పోతుంది, దీనికన్నా ఇల్లు మారడమే నయమా అని మీ సందేహం.

సూటిగా చెప్తాను. మీ ఇంటికి అన్నీ కలిపి 80,000 నుంచి 87,000 పౌండ్లు అనుకోండి. 64 వేలు న్యాయమైన ధరే, కానీ అది బిల్డర్ చేతికి ఇచ్చేది మాత్రమే. 39 వేల కోట్ చౌక కోట్ కాదు, అది వేరే పనికి ఇచ్చిన కోట్. మీరు పంపిన వివరాలు చూస్తే ఆ పనితో మీ ఇంట్లో గదుల సంఖ్య పెరగదు కూడా. ఎందుకో కింద రాస్తున్నాను.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. చాలా ఏళ్లుగా పశ్చిమ లండన్, స్లౌ, రెడింగ్ వైపు ఇళ్లకి లాఫ్ట్ డ్రాయింగులు, స్టీల్ లెక్కలు చేస్తున్నాను. బిల్డర్‌ని కాను, కాబట్టి నా అంకెల్లో ఎవరి లాభమూ లేదు. లండన్ దాటి లెస్టర్‌కో బర్మింగ్‌హామ్‌కో వెళ్తే ఇవే పనులు బాగా తక్కువలో అవుతాయి, అది గుర్తు పెట్టుకుని చదవండి.

ఖర్చుని తేల్చేది గది సైజు కాదు, మెట్లు

లాఫ్ట్ గురించి ఎవరు అడిగినా "ఎన్ని చదరపు మీటర్లు" అంటారు. నేను ముందు అడిగేది మెట్లు ఎక్కడి నుంచి ఎక్కుతాయని.

1930ల సెమీ ఇళ్లలో ఇప్పుడున్న మెట్లు సాధారణంగా పక్కింటితో కలవని వైపు, బయటి పక్కగోడని ఆనుకుని ఉంటాయి. పైకి వెళ్లే కొత్త మెట్లకి సహజమైన చోటు వాటి నెత్తిమీదే. కింద కొత్తగా స్థలం పోదు, నడక కూడా సాఫీగా ఉంటుంది. చిక్కేమిటంటే ఈ ఇళ్ల కప్పు ముందుకీ వెనక్కీ మాత్రమే కాదు, ఆ పక్కగోడ వైపు కూడా వాలుతుంది. దాన్నే హిప్ అంటారు. సరిగ్గా మెట్లు పైకి చేరే చోట కప్పు మోకాలి ఎత్తుకి దిగిపోతుంది. మనిషి తల పట్టదు.

మెట్ల మీద తలకి 2 మీటర్ల ఎత్తు ఉండాలన్నది బిల్డింగ్ రెగ్యులేషన్స్ నియమం. లాఫ్టుల విషయంలో కొంచెం సడలింపు ఉంది. మెట్ల మధ్యలో 1.9 మీటర్లు, అంచున 1.8 ఉన్నా ఒప్పుకుంటారు. అంతకన్నా తగ్గదు. మెట్ల వాలు 42 డిగ్రీలు దాటకూడదు. కాబట్టి హిప్ ఉన్న ఇంట్లో దారులు రెండే. ఒకటి, ఆ పక్క వాలుని తీసేసి గోడని నిటారుగా పైదాకా లేపడం. దీన్ని హిప్ టు గేబుల్ అంటారు. దానికి తోడు వెనక వైపు డార్మర్, అంటే వాలుకప్పులోంచి పెట్టెలా బయటికి వచ్చే నిటారు భాగం. రెండోది, కప్పుని ముట్టుకోకుండా, ఇంటి మధ్యలో ఎత్తున్న చోటికి మెట్లని చేర్చడం. ఆ మెట్లకి చోటు కావాలంటే కింద ఏదో ఒక గదిని కోయాలి.

మీ 39 వేల బిల్డర్ చెప్పింది ఈ రెండోదే. "రెండు వెలక్స్ కిటికీలు, ఫ్లోర్, చిన్న గది వైపు నుంచి మెట్లు" అని రాశారు కదా. వెలక్స్ అంటే వాలు కప్పులోనే బిగించే కిటికీ. మీ మూడో బెడ్‌రూమ్ ఎలాగూ చిన్నది. అందులో మెట్లు వచ్చాక మిగిలేది స్టోర్ రూమ్. పైన ఒక గది వచ్చింది, కింద ఒక గది పోయింది. 39 వేలు పోసి మళ్లీ మూడు బెడ్‌రూములే. పైగా పైన కప్పు వాలు అలాగే ఉంటుంది కాబట్టి నిటారుగా నిలబడి నడిచే చోటు మధ్యలో సన్నటి పట్టీ మాత్రమే.

అందుకే కోట్ చూడకముందే ఈ మాట అడగండి: "మెట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో గీసి చూపించండి, అక్కడ తల మీద ఎంత ఎత్తు ఉంటుందో రాయండి." గీసి ఇవ్వలేని బిల్డర్ అంకె ఊహే.

టేపు తీసుకుని మీరే చూడండి

లాఫ్ట్ ఎక్కి, కింది సీలింగ్ జాయిస్టుల (సీలింగ్‌ని మోసే అడ్డదూలాల) పైభాగం నుంచి కప్పు అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చోటు దాకా కొలవండి. 2.2 మీటర్లకి తగ్గకుండా ఉంటే ముందుకు వెళ్లొచ్చు. 2.4 ఉంటే హాయి. పాత జాయిస్టులు సీలింగ్‌ని మోయడానికే గానీ మనుషుల్ని, మంచాల్ని మోయడానికి కావు. వాటి పక్కన కొత్తవి, లోతైనవి వేస్తాం, ఫ్లోర్ కాస్త లేస్తుంది. పైన ఇన్సులేషన్, ప్లాస్టర్‌బోర్డ్ కలిసి ఇంకొంత తింటాయి. 2.2 అనుకున్నది చివరికి 2 మీటర్లకి దగ్గరగా వచ్చి ఆగుతుంది. 2 మీటర్లే ఉంటే కింది సీలింగులని దించాలి, లేదా కప్పు మొత్తం లేపాలి. అలా అయితే వేరే ఆలోచన చేయమనే నా సలహా.

మీ ఇంటి వయసు మీకు కలిసొచ్చే విషయం. ఆ కాలపు కప్పులు దుంగలు కోసి అక్కడికక్కడే కట్టినవి, లోపల ఖాళీ ఉంటుంది. 1960ల మధ్య నుంచి కట్టిన ఇళ్లలో ఫ్యాక్టరీలో చేసిన ట్రస్సులు వచ్చాయి. లోపలికి తల పెడితే డబ్ల్యూ ఆకారంలో సన్నటి కర్రలు అడ్డంగా కనిపిస్తాయి. వాటిలో ఒక్క కర్ర కోసినా కప్పు మోత మారిపోతుంది. మిల్టన్ కీన్స్‌లో 1980ల ఇల్లున్న ఒక తెలుగు కుటుంబం మీలాంటి ప్రశ్నే అడిగింది. ట్రస్సుల కారణంగానే స్టీల్, పని కలిపి అదనంగా పది వేల దాకా తేలింది. వాళ్లు మానుకుని కింద వెనక ఎక్స్‌టెన్షన్ వేసుకున్నారు. సరైన నిర్ణయమే.

64 వేలు 80 ఎలా అవుతుంది

ఆ కోట్ మీరు పంపినంత మేరకు చూశాను. స్కాఫోల్డింగ్, స్టీల్, గేబుల్ గోడ, డార్మర్, మెట్లు, ఇన్సులేషన్, ప్లాస్టరింగ్, మొదటి విడత ప్లంబింగ్, కరెంటు అన్నీ ఉన్నాయి. లేనివి ఇవి.

పని మొదలవకముందే పోయేది 5 నుంచి 7 వేలు. డ్రాయింగులకి రెండు వేల చుట్టూ, స్ట్రక్చరల్ లెక్కలకి వెయ్యి చుట్టూ, బిల్డింగ్ కంట్రోల్‌కి (పని నియమాల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్లకి) దాదాపు వెయ్యి. మిగతాది పార్టీ వాల్ (పక్కింటితో ఉమ్మడి గోడ) సర్వేయర్‌కి. దాని గురించి కింద వేరే చెప్తాను.

కోట్‌లో "క్లయింట్ సప్లై" అని చిన్న అక్షరాల్లో ఉన్నది ఇంకో 6 నుంచి 8 వేలు. షవర్ ట్రే, టైల్స్, కుళాయిలు, కమోడ్, ఫ్లోరింగ్, రంగులు, వాలు కింద చేయించే వార్డ్‌రోబ్. వార్డ్‌రోబ్ తేలిగ్గా తీసుకోకండి. వాలు గోడకి షాపులో దొరికే బీరువా ఆనదు, కొలిచి చేయించాల్సిందే.

బాయిలర్ ఇంకో రెండు మూడు వేలు కావచ్చు. మీ కాంబి బాయిలర్ (ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్లు వేడి చేసేది) పాతది అన్నారు. కింద ఒకరు స్నానం చేస్తుండగా పైన షవర్ తిప్పితే ఇద్దరికీ నీళ్లు సన్నబడతాయి. బాయిలర్ కెపాసిటీ, మెయిన్స్ ప్రెషర్ రెండూ ముందే చెక్ చేయించండి. లాఫ్ట్‌లో పాత నీళ్ల ట్యాంకు ఇంకా ఉంటే దాన్ని తీయించే ఖర్చు ఎవరిదో కోట్‌లో రాయించండి.

వీటిపైన ఓ ఐదు వేలు ఎదురుచూడని వాటికి. కప్పు విప్పాక పుచ్చిన దుంగలు, ఆస్బెస్టాస్ షీట్లు బయటపడటం ఆ కాలపు ఇళ్లలో కొత్తేమీ కాదు. ఇవన్నీ కూడితే నేను పైన చెప్పిన 80–87 వేలు.

వ్యాట్ గురించి ఒక మాట. 39 వేల బిల్డర్ "నాకు వ్యాట్ లేదు, మీకు లాభం" అన్నారని రాశారు. యూకేలో ఏడాది టర్నోవర్ 90,000 పౌండ్లు దాటితే వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 39 వేల లాఫ్టులు ఏడాదికి మూడు చేసినా ఆ గీత దాటిపోతుంది. అంటే ఆయన లాఫ్టులు పెద్దగా చేయని మనిషైనా అయ్యుండాలి, లెక్కలు సరిగ్గా చూపించని మనిషైనా అయ్యుండాలి. రెండో రకంవాళ్లతో గొడవొస్తే మీ చేతిలో రసీదు ఉండదు. ఇల్లు రెండేళ్లకి పైగా ఖాళీగా ఉంటే వ్యాట్ 20 బదులు 5 శాతమే. మీరు కాపురం ఉంటున్నారు కాబట్టి అది మీకు వర్తించదు.

అనుమతులు: ప్లానింగ్‌కి బెదరకండి, బిల్డింగ్ కంట్రోల్‌ని తేలిగ్గా తీసుకోకండి

సెమీ, డిటాచ్డ్ ఇళ్లకి కప్పులో 50 ఘనపు మీటర్ల దాకా, టెర్రస్ ఇళ్లకి (వరసగా గోడలు కలిసినవాటికి) 40 దాకా ప్లానింగ్ పర్మిషన్ లేకుండానే పెంచుకోవచ్చు. దాన్నే పర్మిటెడ్ డెవలప్‌మెంట్ అంటారు. ఇల్లు 8 మీటర్ల లోతు, కప్పు 3 మీటర్ల ఎత్తు అనుకుంటే గేబుల్‌కి 16 ఘనపు మీటర్లు, డార్మర్‌కి 20 చిల్లర పడుతుంది. మీరు హద్దులోనే ఉంటారు. డార్మర్ వీధి వైపు ముందు కప్పు మీద ఉండకూడదు, రిడ్జ్‌ని (కప్పు కొసని) మించి లేవకూడదు, చూరు నుంచి 20 సెంటీమీటర్లు వెనక్కి ఉండాలి, పెంకు పాతదాన్ని పోలి ఉండాలి, పక్క కిటికీలకి మసక అద్దాలు ఉండాలి. పాత ఓనర్లు కప్పులో ఇంతకుముందే ఏదైనా పెంచి ఉంటే అది కూడా ఆ 50లోంచే పోతుంది.

కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపు చెడకుండా కౌన్సిల్ కాపాడే ప్రాంతంలో) ఈ హక్కు లేదు, ఫ్లాట్లకి అసలే లేదు. మీ వీధి ఎందులో ఉందో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి. హక్కు ఉన్నా సరే, లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ (ఈ పనికి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదని కౌన్సిల్ ఇచ్చే కాగితం) తీసుకోండి. మామూలు ప్లానింగ్ ఫీజులో సగమే. రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ ముందు అడిగే కాగితం అదే.

ప్లానింగ్ అక్కర్లేదంటే అనుమతులే అక్కర్లేదని కాదు. మనవాళ్లలో చాలామంది పొరపడేది ఇక్కడే. బిల్డింగ్ రెగ్యులేషన్స్ ప్రతి లాఫ్ట్ గదికీ తప్పనిసరి. చివర్లో కంప్లీషన్ సర్టిఫికెట్ రావాలి. అది లేకపోతే అమ్మకం ప్రకటనలో ఆ గదిని బెడ్‌రూమ్ అని రాయలేరు, "లాఫ్ట్ రూమ్" అని నసగాల్సిందే. స్లౌలో నాకు తెలిసిన ఒకరి ఇల్లు అమ్మకం ఇలాగే నెలల తరబడి ఆగింది. ప్లాస్టర్ ఊడదీసి స్టీల్ చూపించాల్సి వచ్చింది. బిల్డింగ్ నోటీస్ అనే దగ్గరదారి కన్నా ఫుల్ ప్లాన్స్ దరఖాస్తు పెట్టండి. అప్పుడు పని మొదలవకముందే డ్రాయింగులని ఎవరో ఒకరు చదివినట్టవుతుంది.

మంటల నియమాలు: ఎక్కువమంది బడ్జెట్ ఇక్కడే తప్పుతుంది

రెండంతస్తుల ఇల్లు మూడంతస్తులు అవుతోంది. పైగదిలోంచి కిటికీ దూకి బయటపడే ఎత్తు కాదది. అందుకే పైనుంచి వీధి తలుపు దాకా మెట్ల దారి మొత్తం 30 నిమిషాలు మంటని ఆపేలా ఉండాలి. ఆ దారిలోకి తెరుచుకునే గదుల తలుపులన్నీ ఫైర్ డోర్లు కావాలి, కింది అంతస్తువి కూడా. ప్రతి అంతస్తులోనూ మెయిన్స్ కరెంటుతో నడిచే, ఒకటి మోగితే అన్నీ మోగే స్మోక్ అలారాలు ఉండాలి. మీ కోట్‌లో కొత్త గది తలుపు ఒక్కటే ఉంది. మిగతా ఐదారు తలుపులు ఎవరి లెక్కలోనో తేల్చుకోండి.

మీరు ఇంకో మాట రాశారు, కిందటేడాది హాలుకీ లివింగ్ రూమ్‌కీ మధ్య గోడ తీయించామని. అది విన్నప్పుడు నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. ఇప్పుడు మీ మెట్లు నేరుగా లివింగ్ రూమ్‌లోకి దిగుతున్నాయి. పైన పడుకున్నవాళ్లు తప్పించుకోవాలంటే మంట ఉన్న గదిలోంచే రావాలి. బిల్డింగ్ కంట్రోల్ ఒప్పుకోదు. గోడ మళ్లీ పెట్టాలి, లేదా వాటర్ మిస్ట్, స్ప్రింక్లర్ లాంటి ఏర్పాటు చేయాలి. రెండోది కొన్ని వేల పౌండ్ల పని. హౌన్స్‌లోలో ఇలాగే హాలు విశాలం చేసుకున్న ఒక ఇంటికి నేను గోడనే సూచించాను. అద్దాలతో చేసిన ఫైర్ రేటెడ్ పార్టిషన్ పెట్టుకున్నారు, వెలుతురూ పోలేదు. మీరు కూడా అదే చూడండి.

పక్కింటివాళ్లు

స్టీల్ దూలాలు ఒక చివర మీ కొత్త గేబుల్ గోడ మీద, ఇంకో చివర పక్కింటితో ఉమ్మడిగా ఉన్న గోడలో కూర్చుంటాయి. కాబట్టి 1996 నాటి పార్టీ వాల్ చట్టం వర్తిస్తుంది. పనికి రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. 14 రోజుల్లో వాళ్లు సరే అని సంతకం పెడితే సర్వేయర్ ఖర్చే ఉండదు. జవాబు ఇవ్వకపోతే ఒప్పుకోనట్టే లెక్క. అప్పుడు సర్వేయర్లు వస్తారు, మామూలుగా ఇద్దరి ఫీజూ మీరే కట్టాలి, రెండు వేలు దాటుతుంది. నోటీసు పోస్టులో పడేసే ముందు ఓ సాయంత్రం వెళ్లి డ్రాయింగ్ చూపించి మాట్లాడండి. స్వీట్ బాక్స్ పట్టుకెళ్లినా తప్పులేదు. సంతకం పెట్టినా సరే, వాళ్ల గోడలు, సీలింగ్ ఫోటోలు తేదీతో సహా తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. పాత బీటలు కొత్తవని రేపు అనకుండా.

మార్ట్‌గేజ్ ఇచ్చిన బ్యాంకుకి, ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీకి పనికి ముందే చెప్పండి. కప్పు తెరిచి ఉన్నప్పుడు వాన నీళ్లు దిగితే, చెప్పనివాళ్లకి క్లెయిమ్ రాకపోవచ్చు.

అమ్మానాన్నకి పైగది ఇవ్వొద్దు

అడగకపోయినా చెప్తున్నాను. డెబ్బై దగ్గర పడుతున్నవాళ్లకి రెండు అంతస్తుల మెట్లు, అందులో పైవి నిటారైనవి, రోజుకి నాలుగైదుసార్లు ఎక్కిదిగడం శిక్ష. జూలైలో లాఫ్ట్ గది ఉక్కపోత మన ఊరి మేనెలని గుర్తుచేస్తుంది కూడా. పైగదికి మీరిద్దరూ మారండి. మీ గది పెద్దవాళ్లకి ఇస్తే పక్కనే బాత్రూమ్. వేడికి విరుగుడుగా ముందు వాలులో ఒక రూఫ్ కిటికీ, వెనక డార్మర్‌లో తెరుచుకునే కిటికీ ఎదురెదురుగా పెట్టించండి. రూఫ్ కిటికీకి లోపలి కర్టెన్ కన్నా బయటి బ్లైండ్ ఎన్నో రెట్లు నయం.

మారిపోతే?

మీ వైపు నాలుగు బెడ్‌రూముల ఇల్లు 6,50,000 అనుకుందాం. స్టాంప్ డ్యూటీ ఒక్కటే 22,500. ఇప్పటి ఇల్లు అమ్మిపెట్టే ఏజెంట్ కమీషన్, ఇద్దరు సొలిసిటర్ పనులు, సర్వే, సామాన్ల లారీ కలిపితే 35 వేలు దాటుతుంది. అందులో ఒక్క ఇటుక కూడా మీది కాదు. దాని పైన రెండు ఇళ్ల ధరల తేడా వేరే. పిల్లల స్కూలు మారాల్సిన పని లేకపోతే నేను లాఫ్ట్ వైపే మొగ్గుతాను. ఒక్క పరీక్ష చేసుకోండి. ల్యాండ్ రిజిస్ట్రీలో మీ వీధి అమ్మకాల ధరలు ఎవరైనా చూడొచ్చు. లాఫ్ట్ ఉన్న ఇళ్లకీ లేనివాటికీ తేడా 40 వేలే ఉంటే, మిగతా 40 మీరు సౌకర్యం కోసం పెడుతున్నట్టు. పదేళ్లు ఉండేవాళ్లకి అదీ ఫర్వాలేదు. మూడేళ్లలో వెళ్లిపోయే ఆలోచన ఉంటే మానేయండి. కౌన్సిల్ ట్యాక్స్ బ్యాండ్ మాత్రం ఇల్లు అమ్మేదాకా పెరగదు.

డబ్బు ఇచ్చే పద్ధతి

ముందే సగం అడిగే బిల్డర్‌కి నమస్కారం పెట్టి వచ్చేయండి. మొదట 10 శాతానికి మించొద్దు. ఆ తర్వాత స్కాఫోల్డింగ్ లేచాక, స్టీల్ కూర్చుని కప్పు నీళ్లు దిగకుండా మూశాక, మెట్లు పడ్డాక, ప్లాస్టర్ అయ్యాక, ఇలా పని దశల వారీగా ఇవ్వండి. చివరి 5 శాతం కంప్లీషన్ సర్టిఫికెట్ చేతికి వచ్చాకే. ఇదంతా కాంట్రాక్టులో ఉండాలి. మన ఊరివాడే కదా, మన భాషే కదా అని నోటిమాట మీద వదిలేయకండి.

ఇక టైమింగ్. లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్‌కి కౌన్సిల్ ఎనిమిది వారాలు తీసుకుంటుంది, పార్టీ వాల్ నోటీసుకి రెండు నెలలు. ఇవి రెండూ ఒకేసారి నడిపించొచ్చు. డ్రాయింగులతో కలిపి, ఈరోజు మొదలుపెడితే పని మొదలవడానికి నాలుగు నెలలు. పని 10 నుంచి 12 వారాలు. మొదటి సగం అంతా స్కాఫోల్డింగ్ మీద నుంచే సాగుతుంది, కాబట్టి కింద కాపురం ఉండొచ్చు. మెట్ల కోసం సీలింగ్ కోసిన వారం మాత్రం దుమ్ము ఇల్లంతా పడుతుంది, పిల్లలని ఫ్రెండ్స్ ఇంటికి పంపండి. అమ్మానాన్న టికెట్లు ప్లాస్టర్ ఆరాక వచ్చేలా బుక్ చేయండి. లాఫ్ట్ ఎత్తు కొలిచి, మెట్ల దగ్గర రెండు ఫోటోలు తీసి ఇక్కడ పెడితే మెట్లు ఎలా పడతాయో గీసి చూపిస్తాను.